మనవాళ్ళే, కానీ వాళ్ళ దేశం వాళ్ళది

ప్రవాస తెలుగువాళ్ళ పేరు మీద సభలు పెట్టే పెద్దలకి, ఆ సభలకి డబ్బిచ్చే ప్రభుత్వ శాఖల వారికి, అక్కడ మైకు పట్టుకునే వక్తలకి నమస్కారం.

నేను కోరంగికి దగ్గర్లో, తాళ్ళరేవు మండలంలో ఉంటాను. ముప్పై రెండేళ్ళు తెలుగు పంతులుగా చేసి రిటైరయ్యాను. మీ సభలకి చాలా వాటికి వచ్చాను, వెనక వరసలో కూర్చుని విన్నాను, ఇన్నాళ్ళూ ఏమీ అనలేదు. కిందటి సంక్రాంతి వెళ్ళాక మన డెల్టాలోనే ఒక ఊళ్ళో జరిగిన సభలో చూసింది మాత్రం మనసులోంచి పోవడం లేదు, అందుకే రాస్తున్నాను.

ఆ సభకి మలేషియా నుంచి ఒక అమ్మాయి వచ్చింది. పాతికేళ్ళుంటాయి. వాళ్ళ ముత్తాత మనవైపు నుంచి మలయా వెళ్ళాడు, తాత అక్కడే పుట్టాడు, తండ్రి అక్కడే పుట్టాడు. ముత్తాత ఊరు వెతుక్కుంటూ సొంత డబ్బులు పెట్టుకుని వచ్చిన పిల్ల. ఎవరో చెప్తే సభవాళ్ళు పిలిచి స్టేజీ ఎక్కించారు. ఒక వక్త ఆమెని పక్కన నిలబెట్టుకుని, "ప్రపంచంలో ఏ మూల పుట్టినా నువ్వు భారతీయురాలివే తల్లీ, ఈ నేలే నీ మాతృభూమి, ఏదీ, నీ నోటితో నువ్వే చెప్పు" అని మైకు ఆమె ముందు పెట్టాడు. ఆ పిల్ల ఒక్క క్షణం ఆగి, ఒక్కో మాటా కూడబలుక్కుని, "నేను మలేషియన్ అండి. మేము తెలుగోళ్ళం" అంది.

చప్పట్లు రాలేదు. నా వెనక ఎవరో "చూశావా పొగరు" అన్నారు. ఇంకొకాయన ఆమె "తెలుగోళ్ళం" అన్న తీరుని అనుకరిస్తూ నవ్వాడు. శాలువా కప్పి, ఫొటో తీసి, గబగబా దింపేశారు. భోజనాల దగ్గర ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు, నేను వెళ్ళి కూర్చున్నాను. వాళ్ళ దేశంలో పంతుళ్ళని చిక్గు అంటారట, నన్నూ అలాగే పిలిచింది. "తప్పు మాట్లాడేశానా చిక్గు?" అని అడిగింది. విస్తట్లో పూతరేకు విప్పకుండా అలాగే ఉంది.

ఆమె తప్పు మాట్లాడలేదండి. ఆ ప్రశ్న అడగడమే మన తప్పు.

ఆ వక్త ప్రేమతోనే అన్నాడు, కాదనను. కానీ ఆ మాట ఆమె చెవికి ఎలా వినపడుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? మలేషియాలో భారత సంతతి వాళ్ళు నూటికి ఏడుగురికి మించరు. ఏదైనా గొడవ వస్తే "మీ దేశం పొండి" అనేవాళ్ళు అక్కడ ఉన్నారు. కళింగం పేరు నుంచి పుట్టిన "కెలింగ్" అనే మాట ఇవాళ అక్కడ తిట్టు. 1969 మే 13న కౌలాలంపూర్‌లో జాతుల మధ్య గొడవలు జరిగినప్పుడు వాళ్ళ తాత వారం రోజులు పిల్లల్ని గడప దాటనివ్వలేదని ఆమె చెప్పింది. అలాంటి చోట మూడు తరాలుగా "మా దేశం ఇదే" అని చెప్పుకుంటూ నిలదొక్కుకున్న ఇంటి పిల్లని మనం స్టేజీ మీద నిలబెట్టి "కాదు, నీ దేశం ఇక్కడుంది" అంటున్నాం. అక్కడ ఆమెని పొమ్మనేవాడు కూడా ఆ మాటే అంటాడు. వాడు కోపంగా అంటాడు, మనం ముద్దుగా అంటాం.

ఈ సంగతి ఇంకెవరికి తెలియకపోయినా కోరంగి చుట్టుపక్కల వాళ్ళకి తెలియాలి. ఎందుకంటే బర్మాలో తెలుగు కూలీలకి పడిన పేరే మన ఊరి పేరు, "కోరంగీలు" అనేవాళ్ళు. 1839 తుఫానులో కోరంగి రేవు కొట్టుకుపోయింది, తర్వాత జనం కాకినాడలో స్టీమరెక్కారు, ఆ పేరు మాత్రం పోలేదు. మా చిన్నప్పుడు ముసలివాళ్ళు రంగూన్ అనేవాళ్ళు కాదు, "రంగం" అనేవాళ్ళు. "వాళ్ళాయన రంగం పోయాడు" అంటే ఇక ఆ ఇంటి గురించి వేరే చెప్పక్కర్లేదు. ఓడరేవులో బస్తాలు మోసింది, రైసు మిల్లుల్లో పనిచేసింది, రిక్షాలు లాగింది చాలావరకు మనవాళ్ళే. 1930 మే నెలలో రంగం రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు, కంపెనీలు వాళ్ళ బదులు బర్మా కూలీలని తెచ్చాయి, సమ్మె తేలాక ఆ బర్మా వాళ్ళని వద్దు పొమ్మన్నాయి. కడుపు మండింది కంపెనీల మీద, కత్తి పడింది కోరంగీల మీద. వందమందికి పైగా చచ్చిపోయారు. 1942లో జపాను సైన్యం వచ్చినప్పుడు లక్షల మంది కాలినడకన కొండలూ అడవులూ దాటి వచ్చారు, దారిలో పోయినవాళ్ళు పోయారు. 1964లో కొట్లు జాతీయం చేశాక మళ్ళీ వచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేరు ఇప్పటికీ ఉంది. 1982లో బర్మా ప్రభుత్వం చేసిన పౌరసత్వ చట్టం అయితే, 1823కి ముందు నుంచీ ఆ దేశంలో ఉన్న జాతులవాళ్ళకే పూర్తి హక్కు అంది. నాలుగు తరాలు అక్కడ పుట్టి పెరిగినా ఆ గీతకి ఇవతల ఉన్నవాళ్ళు చాలామంది పూర్తి పౌరులు కాలేకపోయారు.

అన్నిచోట్లా వాళ్ళ మీద మోపిన నేరం ఒక్కటే, వీళ్ళ మనసు ఇక్కడ లేదు, వేరే దేశంలో ఉంది అని. మన సభల్లో ఆ మాటకి మనమే సాక్ష్యం చెప్తున్నాం, వీడియోలు తీసి మరీ పెడుతున్నాం. రేపు ఆ అమ్మాయి ఊళ్ళో ఎవడైనా ఆ వీడియో చూపించి "చూడండి, వీళ్ళది ఇండియానే" అంటే ఆమె పక్కన నిలబడేది మీరా?

పోనీ మన చట్టమైనా వాళ్ళని మనవాళ్ళంటుందా అంటే, అదీ లేదు. ఇష్టపూర్వకంగా వేరే దేశం పౌరసత్వం తీసుకున్నవాడు భారత పౌరుడు కాదని మన 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షనే చెప్తుంది. విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్ళకి ఇచ్చే ఓసీఐ కార్డు పౌరసత్వం కాదు, దానితో ఓటు లేదు, ఎకరం చేను కొనడానికీ లేదు. అవన్నీ వద్దని నేననడం లేదు. మనం ఇవ్వని దేశాన్ని వాళ్ళ చేత "నాదే" అనిపించడం మాత్రం న్యాయం కాదు అంటున్నాను.

మా చెల్లెలి మనవడు సింగపూర్‌లో పుట్టాడు, అక్కడి పౌరుడు. అక్కడ బడిలో పొద్దున్నే ప్రతిజ్ఞ చెప్పిస్తారు, జాతి, భాష, మతం తేడా లేకుండా మేమంతా ఒక్కటే ప్రజ అని. పద్దెనిమిదేళ్ళు వచ్చాక మగపిల్లలు రెండేళ్ళు సైన్యంలో చెయ్యాలి, వాడూ వెళ్తాడు. ఆ పిల్లాడిని ఇక్కడికి తెచ్చి భారతదేశం నా మాతృభూమి అనమంటే వాడు ఏ ప్రతిజ్ఞని నిజమనుకోవాలి? వాడి ఇబ్బంది ఇంకొకటి. అక్కడ మదర్ టంగ్ అని ఒక సబ్జెక్టు ఉంది. చైనీస్, మలయ్, తమిళం ప్రధానంగా చెప్తారు. మన దేశపు భాషల్లో బెంగాలీ, గుజరాతీ, హిందీ, పంజాబీ, ఉర్దూ కూడా తీసుకోవచ్చు. తెలుగు లేదు. మావాడు హిందీ తీసుకున్నాడు. వాళ్ళమ్మకి హిందీ రాదు. ఆ ఇంట్లో ఎవరికీ రాని భాషలో వాడికి మదర్ టంగ్ మార్కులు పడతాయి. మా చెల్లెలు వీడియో కాల్‌లో తెలుగులో అడుగుతుంది, వాడు ఇంగ్లీషులో చెప్తాడు, ఇద్దరూ నవ్వుకుంటారు, ఫోన్ పెట్టేశాక మా చెల్లెలు కాసేపు మాట్లాడదు.

నేను బాధపడేది దీనికి. దేశం గురించి వాళ్ళకి ఏ అనుమానమూ లేదు, అది మనం కల్పిస్తున్నాం. నిజంగా చేతుల్లోంచి జారిపోతున్నది భాష, దాని గురించి మన సభల్లో ఒక్క పూట కూడా పని జరగదు. మన దేశంలోనే ఎనిమిది కోట్ల మందికి పైగా మాట్లాడే భాష ఇది. అయినా దూరాన ఉన్న పిల్లకి పలక మీద అక్షరం దిద్దించే మనిషి దొరకడు.

సభ అయిన మూడో రోజు ఆ అమ్మాయిని నేనే తీసుకెళ్ళాను, వాళ్ళ ఊరు వెతకడానికి. ఆమె దగ్గర ఒక కాగితం జిరాక్సు ఉంది. పాతకాలపు ఇంగ్లీషు చేతిరాత, మడత పడిన చోట సిరా ఎగిరిపోయింది. గోదావరి డిస్ట్రిక్ట్ అని ఉంది కాబట్టి 1925లో ఆ జిల్లా పేరు తూర్పు గోదావరిగా మారకముందుది అయ్యుంటుంది. ఊరి పేరులో పి, ఓ, ఎల్ అనే మూడక్షరాలు తెలుస్తున్నాయి, మిగతావి లేవు. మలయా వెళ్ళినవాళ్ళు ఎక్కువగా విశాఖ, శ్రీకాకుళం వైపు వాళ్ళు, మన గోదావరి వాళ్ళు తక్కువ, కాబట్టి దొరకడం తేలికే అనుకున్నాం. కాదు. మా మండలంలోనే పోలేకుర్రు ఉంది. గౌతమి దాటితే ఐ.పోలవరం ఉంది. గోదావరి గట్టు మీద ఆ పెద్ద పోలవరం సరేసరి.

ముందు ఐ.పోలవరం బయల్దేరాం. దారిలో పుదుచ్చేరి కిందికి వచ్చే యానాం వస్తుంది కదా, బస్సు ఆగినప్పుడు ఇది వేరే రాష్ట్రమా అని ఆమె ఆశ్చర్యపోయింది. చెప్పాను. 1954 దాకా ఇక్కడ ఫ్రెంచి వాళ్ళ పాలన, చట్టప్రకారం భారత్‌లో కలిసింది 1962 ఆగస్టు 16న, అప్పుడు కావాలనుకున్నవాళ్ళకి ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకునే వీలిచ్చారు. ఇప్పటికీ ఫ్రాన్సు పాస్‌పోర్టు ఉన్న ఇళ్ళున్నాయి, వాళ్ళూ "ఆయ్, రండి, కూకోండి" అనే అంటారు, వాళ్ళ తెలుగుని ఎవరం శంకించం. ఆమె కిటికీలోంచి చాలాసేపు చూస్తూ ఉండి, "అయితే మాకెందుకు అడుగుతారు చిక్గు?" అంది. నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉందేమో చెప్పండి.

ఎదుర్లంక వంతెన దాటాక ఒక కొబ్బరి తోటలో దింపు జరుగుతోంది. బస్సు దిగి అక్కడికి తీసుకెళ్ళాను, ఆమెకి చూడాలని ఉందంది. చెట్టెక్కి దింపే మనిషిని చూసి, వాళ్ళవైపు ఎక్కరని, పొడుగు గెడకి కొడవలి కట్టి కింద నుంచే లాగుతారని చెప్పింది, వాళ్ళ తాత మెడ ఎప్పుడూ వెనక్కి వంగే ఉండేదట. రాలిన కాయ ఒకటి చేతిలోకి తీసుకుని, "దీన్ని స్కూల్లో కెలాపా అనాలి, తోటలో తమిళం వాళ్ళతో తేంగా అనాలి, నానమ్మ మట్టుకు కొబ్బరికాయ అంటే గాని చేతికిచ్చేది కాదు" అంది. కాయలు పోగేస్తున్న ఆవిడ నవ్వి, ఒకటి చెక్కి బొండం నీళ్ళిచ్చింది. ఇచ్చి, "మీరేవిట్లమ్మా?" అని అడిగింది.

అది కులం అడగడమని ఆ అమ్మాయికి అర్థం కాలేదు. ఏం పని చేస్తావని అడుగుతున్నారనుకుని, "నర్సు అండి" అని చెప్పింది. నేను తర్జుమా చెయ్యలేదు, చెయ్యాలనిపించలేదు. వాళ్ళ ముత్తాత ఓడెక్కడానికి కూలి డబ్బుతో పాటు ఆ ప్రశ్న కూడా ఒక కారణమేమో, ఎవరు చెప్పొచ్చారు. వారసత్వం వారసత్వం అని మనం ఊరికే అంటాం. మన దగ్గర ఉన్నదంతా వాళ్ళకి అంటగట్టాల్సిన పని లేదు. ఏది తీసుకోవాలో, ఏది వదిలెయ్యాలో వాళ్ళు తేల్చుకుంటారు, చాలావరకు తేల్చుకున్నారు కూడా.

మలేషియా రాజ్యాంగం 152వ అధికరణం మలయ్‌ని జాతీయ భాషగా పెట్టింది. అదే అధికరణం, ప్రభుత్వ వ్యవహారాల సంగతి పక్కన పెడితే, వేరే ఏ భాషైనా మాట్లాడటానికి, నేర్పడానికి, నేర్చుకోవడానికి అడ్డు ఉండకూడదనీ అంది. అంటే తలుపు తెరిచే ఉంది. కానీ అక్కడి ప్రభుత్వ ప్రాథమిక బడులు మలయ్‌లో, చైనీస్‌లో, తమిళంలో ఉన్నాయి, తెలుగు పిల్లలు తమిళ బడికో మలయ్ బడికో పోవాలి. ఆ అమ్మాయికి తెలుగు చదవడం ఎలా వచ్చిందంటే, అక్కడి తెలుగు సంఘం వాళ్ళు ఆదివారాలు పెట్టిన క్లాసులో. అక్కడ వాడిన పుస్తకం మన రాష్ట్రం నుంచి వెళ్ళిన ఒకటో తరగతి వాచకం. ఫోన్‌లో దాని ఫొటో చూపించింది. మొదట్లోనే మన ప్రతిజ్ఞ.

ఆ ప్రతిజ్ఞ అంటే నాకు ప్రాణం. దాన్ని 1962లో తెలుగులో రాసింది మన పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు, తెలుగులో పుట్టి దేశం అంతటికీ వెళ్ళింది. ముప్పై రెండేళ్ళు రోజూ ఎండలో నిలబడి పిల్లల చేత చెప్పించాను. ఒక్కరోజు కూడా మొక్కుబడిగా చెప్పించలేదు. అందుకే అంటున్నాను, అది భారతదేశం పిల్లలు చెప్పుకోవాల్సింది. మలేషియాలోని పెరాక్ రాష్ట్రంలో ఆరేళ్ళ పిల్ల తెలుగు అక్షరాలు నేర్చుకోవాలంటే ముందు వేరే దేశానికి ప్రతిజ్ఞ చెయ్యాలని మనం షరతు పెట్టినట్టయింది. "మా టీచర్ ఆ పేజీ అతికించేసేది చిక్గు, ఎవరైనా చూస్తే గొడవ అని" అని ఆమె మామూలుగా చెప్పేసింది. నాకు మాత్రం ఇంటికొచ్చాక కూడా అదే కళ్ళముందు మెదిలింది. మైదా జిగురుతో అతికించిన ప్రతిజ్ఞ పేజీ.

మారిషస్ వాళ్ళని చూడండి. ఇళ్ళల్లో వాళ్ళు మాట్లాడేది క్రియోల్, చాలామందికి తెలుగు మాట్లాడటం రాదు. అయినా రామభజనలు తెలుగులో చేస్తారు, బడిలో పిల్లలు తెలుగు సబ్జెక్టు తీసుకుంటారు, ఆ దేశంలో ఉగాది ప్రభుత్వ సెలవు. 1990లో ప్రపంచ తెలుగు మహాసభలకి అందరినీ వాళ్ళ దేశానికే పిలిచారు. మారిషస్ వాళ్ళుగానే అదంతా చేశారు, ఆ దేశం జెండా కిందే చేశారు.

మనకీ ఇది కొత్త కాకూడదు. భాష కోసం పొట్టి శ్రీరాములుగారు ప్రాణం ఇస్తే 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, అంతమాత్రాన మనం భారతీయులం కాకుండా పోలేదు. 2014లో ఒక్క భాష వాళ్ళం రెండు రాష్ట్రాలయ్యాం, తెలుగు రెండు కాలేదు. నేను రిటైరయ్యే ముందు మా బడిలో రొయ్యల చెరువుల మీద పనికొచ్చిన ఒడియా కుటుంబాల పిల్లలు ఉండేవాళ్ళు. ఆరు నెలల్లో "ఆయ్, వచ్చానండి" అనడం నేర్చేశారు. ఇంటికెళ్ళి ఒడియాలో మాట్లాడుకుంటే వాళ్ళు మనకి పరాయివాళ్ళని నేను ఏనాడూ అనుకోలేదు. వాళ్ళకి మనం ఇచ్చే ఆ చోటే మనవాళ్ళకి మలేషియాలో, సింగపూర్‌లో దొరకాలని కోరుకుంటాం కదా.

అందుకని నేను అడిగేవి ఇవీ. స్టేజీ మీద ఎవరి చేతా ఏ దేశం పేరూ చెప్పించకండి. వాళ్ళు వాళ్ళ దేశం పేరు చెప్పుకుంటే చప్పట్లు కొట్టండి. శాలువాల ఖర్చు తగ్గించి, బయటి దేశాల పిల్లల కోసం ఒక వాచకం వేయించండి, అందులో వాళ్ళ చెట్లు, వాళ్ళ పళ్ళు, వాళ్ళ ఊళ్ళు ఉండాలి, రంబుటాన్ పండుని తెలుగు అక్షరాల్లో రాసుకుంటే తెలుగుకేమీ నష్టం లేదు. ప్రతిజ్ఞ పేజీ మన పిల్లల పుస్తకంలోనే ఉండనివ్వండి. సింగపూర్ బడుల్లో తెలుగు కావాలని అడగాల్సింది అక్కడి పౌరులైన తెలుగువాళ్ళు, మన మంత్రులు వెళ్ళి అడిగితే పని చెడుతుంది. వాళ్ళకి కావాల్సిన టీచర్లు, పుస్తకాలు, పరీక్ష పేపర్లు సిద్ధం చేసి పెట్టండి చాలు. ఇంకొకటి, కాకినాడలోనో రాజమండ్రిలోనో ఒక గది, ఒక టేబులు, పాత రికార్డు చదవగల ఒక మనిషి. ఊరు వెతుక్కుంటూ వచ్చినవాళ్ళకి పాత జిల్లా ఏదో, కొత్త జిల్లా ఏదో, ఏ బస్సు ఎక్కాలో చెప్పే మనిషి. జీతం లేకుండా నేను కూర్చుంటాను, నాలాంటి రిటైరైన పంతుళ్ళు ఇంకో పదిమంది దొరుకుతారు.

ఇక ఆ వెనక వరసలో నవ్విన ఆయనకి ఒక మాట. ఆ పిల్ల "తెలుగోళ్ళం" అన్నది వాళ్ళ నానమ్మ నోట విన్నట్టుగా. ఆ ముసలమ్మ వాళ్ళత్తగారి నోట విన్నట్టుగా. ఆ అత్తగారు ఈ గోదావరి నీళ్ళు తాగి వెళ్ళిన మనిషి.

ఐ.పోలవరంలో వాళ్ళ ఇంటిపేరు వాళ్ళు దొరకలేదు. పోలేకుర్రులో ఒక ముసలాయన ఆ ఇంటిపేరు విన్నట్టుంది అన్నాడు గాని, అంతకు మించి గుర్తులేదన్నాడు. ఆమె సెలవు అయిపోయి వెళ్ళిపోయింది. జిరాక్సు నా దగ్గరే ఉంది. వచ్చే బుధవారం మళ్ళీ పోలేకుర్రు వెళ్తున్నాను, ఆ ముసలాయన వాళ్ళ అక్కగారు కూతురింటి నుంచి వస్తారట, ఆవిడకి తొంభై దాటాయట, రంగం వెళ్ళినవాళ్ళూ మలయా వెళ్ళినవాళ్ళూ ఆవిడకి పేరుపేరునా తెలుసని చెప్పాడు. మీలో ఎవరైనా వస్తానంటే పొద్దున ఎనిమిదింటికి తాళ్ళరేవు సెంటర్లో ఉంటాను.